ఆడవేషం కట్టేవారికి వేదిక మీదా, వేదిక వెనకా మర్యాద దక్కాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

సంక్రాంతి మూడు రోజులూ మన డెల్టా గ్రామాల్లో జరిగిన వినోద కార్యక్రమాల గురించి మీ పత్రిక జిల్లా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. పందెం బరుల పక్కన వేసిన వేదికల మీద మగవారు చీరలు కట్టి ఆడిన ఆటలను ప్రస్తావిస్తూ, ఇది మన సంస్కృతి కాదనీ, ఎక్కడినుంచో వచ్చిపడిన జాడ్యమనీ వ్యాసకర్త బాధపడ్డారు. ఆ బాధలో సగం నాకూ ఉంది. కానీ ఇది మన సంస్కృతి కాదన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. మా నాన్నగారు ఇరవై రెండేళ్లపాటు రామచంద్రపురం, ద్రాక్షారామం, కోటిపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఆడవేషాలు కట్టారు. హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతిగా, చింతామణి నాటకంలో వేశ్య చింతామణిగా, సత్యభామగా ఆయనను చూసిన జనం మా ఇంటి ముందునుంచి వెళ్లేటప్పుడు సైకిలు దిగి నమస్కారం పెట్టి వెళ్లేవారు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన మనిషిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆట ఉన్న రోజు నాన్నగారు మధ్యాహ్నం అన్నం తినేవారు కాదు, మజ్జిగ మాత్రం పుచ్చుకునేవారు. నాలుగింటికల్లా వీధి అరుగు మీద అద్దం పెట్టుకుని గడ్డం ఒకసారి గీసుకుని, అరగంట ఆగి మళ్లీ గీసుకునేవారు. ముఖానికి సఫేదా, అంటే తెల్లరంగు, పట్టించాల్సింది పందిరి వెనకే అయినా, కాటుక మాత్రం మా మామ్మ ఇంట్లో పట్టినదే కావాలనేవారు. సవరం, జడగంటలు, వంకీ, గిల్టు వడ్డాణం ఉన్న రేకుపెట్టెను మేము పిల్లలం ముట్టుకోవడానికి వీల్లేదు. ఇదంతా పైపై అలంకారమేననీ, అసలు పని నెలల ముందే జరుగుతుందనీ ఆయన అనేవారు. అమ్మ నూతి దగ్గర బిందె ఎత్తుకునేటప్పుడు, మామ్మ బియ్యం చెరిగేటప్పుడు, కాలవ రేవులో ఆడవాళ్లు తడిబట్టలతో మెట్లు ఎక్కేటప్పుడు ఏ చెయ్యి ముందు కదులుతుందో, బరువు ఏ కాలి మీద పడుతుందో చూసి రాత్రి నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఆయన శిష్యుడు ఒకతను పైట సర్దుకుంటుంటే ఆపి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆడమనిషి కొంగు సర్దుకునేటప్పుడు కొంగు వంక చూడదట, చూసిందంటే ఆ చీరలో ఉన్నది మగవాడని వెనక వరసలో కూర్చున్న పిల్లవాడికి కూడా తెలిసిపోతుందట. కాటి సీనులో చంద్రమతి బిగ్గరగా ఏడవకూడదనేది ఆయన మరో నియమం. హరిశ్చంద్రుడు కాటి సుంకం అడిగినప్పుడు ఆయన జనానికి వీపు పెట్టి నిలబడేవారు. భుజాలు మాత్రమే కదిలేవి. అత్తిలి షష్ఠి తీర్థంలో ఒక ఏడాది ఆ సీను జరుగుతుండగా హార్మోనిస్టు వాయించడం మరిచిపోయాడని మా ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నారు.

ఇది ఏ ఒక్కరి ఘనతో కాదు. తెలుగు నాటకానికి రాజమండ్రిలో పురుడు పోసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1880లో తన ప్రహసనాన్ని విద్యార్థులచేత ఆడించిన నాటినుంచీ ఆడపాత్రలు మగపిల్లలవే అయ్యాయి. కడప జిల్లాలో 1885లో మొదలైన సురభి సమాజం ఇంటి ఆడవారినే రంగస్థలం మీదికి తెచ్చింది కానీ, మిగిలిన నాటక సమాజాలకు ఆ ధైర్యం రావడానికి చాలాకాలం పట్టింది. ఆ మధ్యకాలంలోనే బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా, రోషనారగా, మధురవాణిగా తెలుగువారందరినీ మెప్పించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అక్కినేని నాగేశ్వరరావుగారు సినిమాల్లోకి రాకముందు నాటకాల్లో ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్నారు. మన కాకినాడ నాటకరంగంలో ఎదిగిన రేలంగిగారూ తొలి అడుగు ఆడవేషంతోనే వేశారు. కృష్ణా తీరాన కూచిపూడిలో సిద్ధేంద్రయోగి పేరు మీద వచ్చిన, సత్యభామ కథను ఆడే భామాకలాపం అనే నృత్యనాటకాన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవారే తరతరాలుగా ఆడారు, ఆ వరసలో వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. పగటివేషగాళ్లు ఇంటింటికీ తిరిగి కట్టే అర్ధనారీశ్వర వేషంలో ఒకే మనిషి ఒక పక్క శివుడుగా, రెండో పక్క పార్వతిగా, మధ్యలో చిన్న తెర అడ్డుపెట్టుకుని క్షణంలో ఇటునుంచి అటు మారిపోతుంటే మా వీధి అరుగుల మీద నవ్విన వాళ్లు ఒక్కరూ ఉండేవారు కారు, చేటలో బియ్యం తెచ్చి పోసి దండం పెట్టేవారు.

ఇంతవరకు రాసి ఆపేస్తే పాతకాలమంతా బంగారమని చెప్పినట్లవుతుంది. అది నిజం కాదు. మన గోదావరి జిల్లాల్లోనే, ఇవతలి ఒడ్డున మురమండ, మండపేట, ముమ్మిడివరం, అవతలి ఒడ్డున బళ్లిపాడు వంటి ఊళ్లలో, తరతరాలుగా గుళ్లలో ఆడిపాడిన కళావంతుల కుటుంబాల స్త్రీలు అదే భామాకలాపాన్ని, గొల్లకలాపాన్ని తామే స్వయంగా ఆడేవారు. సత్యభామ వేషం కట్టడానికి అక్కడ మగవాడి అవసరమే లేదు. గుడిలో బాలికలను అంకితం చేసే ఆచారాన్ని మాన్పించడానికి మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టం చేసింది. ఆ ఆచారం పోవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఆ చట్టం ఆలయాల్లో ఆడవారు నృత్యం చేయడాన్ని కూడా నేరం చేసింది. పెళ్లిళ్లలో వారు ఆడిపాడే మేజువాణీలు అంతకుముందు మొదలైన సంస్కరణ ఉద్యమంతోనే మర్యాద తప్పిన పనిగా మారిపోయాయి. దాంతో సత్యభామ అభినయం ఎరిగిన స్త్రీలు గడప దాటకుండా ఇళ్లలోనే ఉండిపోగా, అదే సత్యభామను మగవారు ఆడితే సన్మానాలు జరిగాయి. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారి వంటివారు ఊరూరూ తిరిగి ఆ స్త్రీలను వెతికి, వారికి తెలిసినదాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చేదాకా ఈ తేడాను పైకి అన్నవారు తక్కువ.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. నాకు ఎనిమిదేళ్ల వయసులో నాన్నగారు నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మా ఊరికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఒక పెద్దావిడ ఇంటికి తీసుకెళ్లేవారు. ఆవిడ కళావంతుల కుటుంబం. పెరటి వసారాలో చాప మీద కూర్చుని, మోకాలి నొప్పి వల్ల లేవలేక, ముఖంతోనూ చేతులతోనూ మాత్రమే ఆయనకు పాఠం చెప్పేవారు. నాన్నగారు చింతామణి నవ్వును పదిసార్లు చేసి చూపించినా ఆవిడ తల అడ్డంగానే ఊపారు. "చింతామణి నవ్వేముందు ఎదుటివాడి ఆస్తి లెక్కగట్టుకుంటుంది నాయనా. ఆ లెక్క కంట్లో ఒక్కసారి కనపడి మాయమయ్యాకే నవ్వు రావాలి" అని చెప్పి తాను చేసి చూపించారు. డెబ్బై ఏళ్ల మనిషి, పళ్లు సగం ఊడిపోయిన మనిషి, ఆ క్షణంలో నాకు భయం వేసేంత అందంగా కనిపించారు. ఆ ఏడాది శ్రీరామనవమి పందిట్లో అదే నవ్వుకు నాన్నగారికి వన్స్‌మోర్‌లు పడ్డాయి. ఆటకు రమ్మని ఆయన ముందురోజు స్వయంగా వెళ్లి పిలిచారు. "వచ్చి ఎక్కడ కూర్చోమంటావు నాయనా?" అని ఆవిడ అడిగారు. ఆడవాళ్ల వైపు చాపల మీద ఆవిడ పక్కన కూర్చోవడానికి మా ఊళ్లో ఎవరూ ఒప్పుకోరని ఆయనకూ తెలుసు. మెడలో పూలదండతో ఇంటికొచ్చిన నాన్నగారు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. కనుక ఆడవేషానికి అప్పట్లో దక్కిన గౌరవంలో కొంత, అసలు ఆడవారికి దక్కకుండా పోయినదేనని ఆయన కూతురిగా నేను ఒప్పుకోవాలి.

వేషంలో వెకిలితనం టీవీలతోనే వచ్చిందనడం కూడా సరికాదు. మన కాకినాడలో ఉండి రాసిన కాళ్లకూరి నారాయణరావుగారు చింతామణి నాటకాన్ని వేశ్యాలోలత్వం మీద ఏవగింపు కలిగించడానికే రాశారు. తర్వాతి కాలంలో కాంట్రాక్టర్లు టిక్కెట్ల కోసం సుబ్బిశెట్టి, శ్రీహరి, చింతామణి సీన్లలో మూలంలో లేని బూతు సంభాషణలు చేర్చి, చివరి అంకాన్ని గంటలో చుట్టబెట్టి, చేర్పులే నాటకమన్న స్థితికి తెచ్చారు. చేర్పులు చెప్పనన్నందుకు మా నాన్నగారు ఒక సీజన్‌లో తీసుకున్న అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి మానుకున్నారు. ఆ డబ్బుతో కొనాల్సిన నా బడి పుస్తకాలు ఆ ఏడాది కొనలేదు. 2022 జనవరిలో, ఆ నాటకం ఒక వర్గాన్ని కించపరుస్తోందని రాష్ట్ర ప్రభుత్వం దాన్నే నిషేధించింది. ఒక వర్గం మనసు నొచ్చుకోవడంలో న్యాయం ఉంది. కానీ నొప్పించింది ఎక్కువగా ఆ చేర్పులే కాబట్టి, మూలప్రతికి కట్టుబడి ఆడమని షరతు పెట్టి ఉంటే నాటకమూ బతికేది, మర్యాదా నిలిచేదని నా నమ్మకం.

ఇక ఇప్పటి సంగతి. దశాబ్దానికి పైగా టీవీ హాస్య కార్యక్రమాల్లో లేడీ గెటప్ అనే ఒక వేషం స్థిరపడిపోయింది. ఆ నటుల్లో ప్రతిభ ఉన్నవారు ఉన్నారు, వారిలో చాలామంది పల్లెటూళ్లనుంచి వచ్చి కష్టపడి పైకొచ్చినవారు, వారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. నా అభ్యంతరం వారికి రాసిచ్చే మాటల మీద. ఆ స్కిట్లలో భార్య అంటే లావుగా ఉండడమో, నల్లగా ఉండడమో, మొగుడిని అనుమానించడమో, చెంపదెబ్బ తినడమో తప్ప మరో పని ఉండదు. నటి చేత చెప్పిస్తే వినేవారు ఊరుకోరనిపించే మాటలను చీర కట్టిన మగవాడి చేత చెప్పించి, కొట్టించి, నవ్విస్తారు. పైగా ఆ వేషం కట్టినవాడిని మిగిలిన పాత్రలు 'తేడా' అని వెక్కిరించడం అందులో ఇంకో నవ్వు. నా తరగతిలో గొంతు సన్నగా ఉన్న ఒక పిల్లవాడిని తోటివాళ్లు ఆ మాటతోనే పిలిచి ఏడిపిస్తుంటే నేను పదవీ విరమణకు ముందు ఏడాది కళ్లారా చూశాను. ఆ మాట వారికి ఎక్కడ దొరికిందని అడిగితే టీవీ కార్యక్రమం పేరు చెప్పారు. ఆ పిల్లవాడు పద్యం పాడితే మా నాన్నగారి రోజులు గుర్తుకొచ్చేవి. బడి వార్షికోత్సవంలో సత్యభామ పద్యం పాడమని నేను ఎంత బతిమాలినా, పాడితే ఇంక బడికి రాలేనని చెప్పి తప్పుకున్నాడు.

మరోవైపు 2024 డిసెంబరులో వచ్చిన ఒక భారీ సినిమాలో కథానాయకుడు గంగమ్మ జాతరలో చీర కట్టి, ముఖానికి రంగు పూసుకుని ఆడితే మా ఊరి హాల్లో హారతులిచ్చారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవారు మొక్కు చెల్లించడానికి ఆడవేషం కట్టడం నిజంగా ఉన్న ఆచారమే కాబట్టి ఆ సన్నివేశంలో తప్పేమీ లేదు. 1963లో ఎన్.టి. రామారావుగారు బృహన్నలగా కనిపించినప్పుడు కూడా జనం అలాగే ఆదరించారు. తెర మీద పెద్ద కథానాయకుడు కడితే శక్తి స్వరూపంగా కనిపించే చీర, మన ఊరి వేదిక మీద పేదింటి మనిషి కడితే ఎగతాళి ఎందుకవుతోందో వ్యాసకర్త ఆలోచించి ఉంటే బాగుండేది.

ఎందుకంటే పోయిన సంక్రాంతికి నేనూ అలాంటి ఒక వేదిక దగ్గర ఉన్నాను. ఊరి పేరు రాయను. మా చెల్లెలి మనవడిని వెతుక్కుంటూ వేదిక వెనక్కి వెళితే, ఆడవలసిన నలుగురూ ట్రాక్టర్ ట్రక్కు చాటున, సెల్‌ఫోన్ వెలుతురులో చీరలు కట్టుకుంటున్నారు. వారిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ స్త్రీలు, ఇద్దరు మగపిల్లలు. బట్టలు మార్చుకోవడానికి గది కాదు కదా, ఒక టార్పాలిన్ కూడా కట్టలేదు. తాగిన కుర్రవాళ్లు ట్రక్కు మీదికెక్కి వీడియోలు తీస్తుంటే కమిటీవాళ్లు చూస్తూ నిలబడ్డారు. అందులో పెద్దదైన అమ్మాయికి కుచ్చిళ్లు నిలవడం లేదని నేనే పిన్ను పెట్టి సర్దాను. ఆమె పైట వేసుకుంటూ కొంగు వంక చూడలేదు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగితే, నేర్చుకోవడమేమిటండీ, చిన్నప్పటినుంచీ ఇంతే కదండీ, దీనికే కదండీ ఇంట్లోంచి గెంటేశారు అంది. ఆట మొదలయ్యాక మైకు పట్టుకున్నాయన వారిని పిలిచిన పిలుపు నేను ఇక్కడ రాయలేను. రూపాయల నోట్లు చేతికి ఇవ్వక జాకెట్టుకు గుచ్చారు. తెల్లవారుజామున లెక్క తేల్చేటప్పుడు, జనం తక్కువ వచ్చారన్న సాకుతో ఒప్పుకున్నదాంట్లో సగమే చేతిలో పెట్టారని మర్నాడు తెలిసింది.

మగవాడు ఆడవేషం కట్టడమూ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తిగా జీవించడమూ వేరు వేరు. మా నాన్నగారు నలుగురు బిడ్డల తండ్రి, తెల్లారితే బురదలో దిగి నాట్లు వేయించిన రైతు. ఆయనకు చీర వృత్తిధర్మం. నేను కుచ్చిళ్లు సర్దిన అమ్మాయికి చీర వేషం కాదు, అది ఆమె బట్ట. ఈ రెండింటినీ కలిపేసి చూడడం ఇద్దరికీ అన్యాయమే అయినా, వేదిక దగ్గర పడే అవమానం మాత్రం ఇద్దరి మీదా ఒకేలా పడుతోంది కాబట్టి ఇద్దరి గురించీ కలిపి రాయవలసి వస్తోంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించింది, 2019లో పార్లమెంటు వారి రక్షణకు చట్టం చేసింది. వేదిక వెనక ఒక గది ఇప్పించడానికి ఇంతకంటే పెద్ద చట్టం అక్కరలేదనుకుంటాను.

ఉత్సవ కమిటీలవారిని నేను అడిగేది వారు తేలిగ్గా చేయగలిగిన పనులే. కళాకారులను పిలిస్తే తలుపు గడియ పడే గది ఒకటి, ఆడవారి కోసం వేసిన మరుగుదొడ్డి వాడుకునే వీలు, వేదిక ఎక్కకముందే ఒప్పుకున్న డబ్బు మొత్తం చేతికి ఇవ్వాలి. పేరు అడిగి, ఆ పేరుతోనే మైకులో పిలవాలి. నోట్లు గుచ్చడం మొదలైతే ఆట ఆపించే అధికారం ఆడేవారికే ఉండాలి. నాటక పరిషత్తుల పెద్దలు పద్యనాటకాల్లో ఆడపాత్ర ధరించిన పురుషులకు, మగపాత్ర ధరించిన స్త్రీలకు విడిగా బహుమతి పెట్టాలని కోరుతున్నాను. శ్రీకృష్ణుడి కిరీటం పెట్టి గొంతెత్తి పద్యం పాడిన స్త్రీలు మనకు తక్కువ లేరు, వారి మాట ఎవరూ ఎత్తడం లేదు. ఆ విభాగంలో పోటీ పడే ట్రాన్స్‌జెండర్ కళాకారులకు వారికి నచ్చిన పాత్ర ఎంచుకునే హక్కు ఇవ్వాలి. ఆడవేషాలు కట్టి ఇప్పుడు ఎనభైలు దాటిన పెద్దలు ఒకరిద్దరు మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఒకాయనకు చూపు పోయింది కానీ, కాటి సీను ముద్రలు చేతుల్లో అలాగే ఉన్నాయి. విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలవారు ఒక కెమెరా పట్టుకుని వచ్చి కూర్చుంటే ఆయన రెండు రోజులు ఏకధాటిగా చెప్పగలరు. వచ్చే వేసవి దాటకుండా రావాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఆ సంక్రాంతి వార్తకు పెట్టిన శీర్షికలో ఆడిన మనుషులను ఉద్దేశించి వాడిన మాట మైకులో నేను విన్న మాటకు పెద్ద దూరంలో లేదు. డెస్కులో పనిచేసేవారు ఆ పదాన్ని ఇకముందు వాడకుండా చూడండి. వచ్చే ఆదివారం అనుబంధంలో, ఆడినవారినే అడిగి, వారు చెప్పిన మాటల్లోనే ఒక పేజీ వేయండి. నేను కుచ్చిళ్లు సర్దిన అమ్మాయి ఒప్పుకుంటే ఆమెను మాట్లాడించడానికి నేను తోడుంటాను.

నాన్నగారి నోటుపుస్తకాలు రెండు నా దగ్గర ఉన్నాయి. మొదటిదానికి చెదలు పట్టి కొన్ని పేజీలు పోయాయి. రెండోది బాగానే ఉంది, అందులో పెద్దావిడ చెప్పిన పాఠాలు తేదీలతో సహా ఉన్నాయి, పైన ఆవిడ పేరు పెట్టి 'మా గురువుగారు' అని రాసుకున్నారు. పరిశోధన చేసేవారెవరైనా మీ కార్యాలయం ద్వారా కబురు పంపితే నకలు తీసి ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
రామచంద్రపురం ప్రాంతం